గేదె ఈనకముందే వచ్చే వాయిదా

చిట్టితల్లీ,

బ్యాంకు ఉద్యోగం మానేసి, ఊళ్లలో ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే సంస్థ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగానే అనిపించింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రిజిస్ట్రేషన్లూ ఆడిట్లూ నాకంటే నీకే తెలుసు. పాస్‌బుక్కు తెలుగులో ఉండాలి, అంతే.

వారం వారం వసూలు చేస్తే క్రమశిక్షణ వస్తుందన్నావట. ఎవరు నేర్పారే నీకు? మా వీధిలో ఒకావిడ 2009లో ఒక కంపెనీ దగ్గర 10,000 తీసుకుని, తన పొదుపూ కలిపి చూడి గేదెను కొంది. వడ్డీ 15 శాతమే అన్నారు. వారానికి 230 చొప్పున 50 వారాలు. అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం 10,000 మీదే వేశారు, లెక్కేస్తే 30 శాతానికి దగ్గర పడింది. సరే, అదీ కట్టేదేమో. గేదె ఈనడానికి ఇంకా రెండు నెలలుంది, వాయిదా మాత్రం పై మంగళవారం నుంచే. ఈనాక కూడా పాలకేంద్రం బిల్లు పదిహేను రోజులకోసారి. మొదటి కంపెనీకి కట్టడానికి రెండో కంపెనీలో, దానికోసం మూడోదాంట్లో తీసుకుంది. ఆవిడ డబ్బు తెచ్చేదాకా, వాయిదాలు కట్టే గ్రూపు మీటింగ్‌లోంచి ఎవరినీ లేవనిచ్చేవాళ్లు కాదు. కూలికి ఆలస్యమవుతోందని, వదినా అని పిలిచినవాళ్లే ఆవిడ అరుగు మీద కూర్చుని తిట్టారు. చివరికి దూడతో సహా గేదెను అమ్మేసింది.

బంగ్లాదేశ్‌లో పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే బ్యాంకు పెట్టిన యూనస్ గారికి నోబెల్ వచ్చిన 2006లోనే మన కృష్ణా జిల్లాలో ఇలాంటి కంపెనీల ఆఫీసులు మూయించారు. అయినా బుద్ధి రాలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఇళ్ల మీదికి వెళ్లొద్దు, వాయిదా నెలకోసారే అన్నారు. ఆ తర్వాత కట్టగలిగినవాళ్లూ కట్టడం మానేశారు. నువ్వు ఆ అరుగు మీద కూర్చోకూడదనే నా భయమంతా.

డబ్బు చేతికొచ్చే రోజు అడిగి వాయిదా పెట్టు. ఇడ్లీ బండికి రోజూ వస్తుంది, గేదెకూ మిరప తోటకూ అలా రాదు. అప్పు తీసుకున్నవాళ్లంతా వ్యాపారమే చేస్తారనీ అనుకోకు. మా డ్వాక్రాలో రోజుకు రూపాయి దాచుకుని, ఆర్నెల్లు మా డబ్బే మాలో తిప్పుకున్నాం. అందులో నా మొదటి అప్పు మీ అమ్మ ఇంటర్ పరీక్ష ఫీజుకే పోయింది. పుస్తకంలో మాత్రం కోళ్లకని రాయించాను.

వేళకు తిను, ఎండలో తిరక్కు. జీతం రాని నెలల్లో మీ అమ్మను అడగడానికి మొహమాటమైతే నన్నడుగు. వాయిదాలు నీ ఇష్టం.

పెద్దమ్మ