కాలిపర్ పిన్ను బిగుసుకుపోతే: ఎక్కడ ఏ గ్రీజు వాడాలి?

డిస్క్ బ్రేకులో ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం కాలిపర్; అది పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. ఆ పిన్నుకు వీల్ బేరింగ్ గ్రీజు పూశాక అది బిగుసుకుపోయి, లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోతే, కారణం చాలావరకు ఆ గ్రీజే. అందులో ఉండేది సాధారణంగా పెట్రోలియం నూనె. బ్రేకుల్లో విరివిగా వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఆ నూనెను పీల్చుకొని ఉబ్బి, పిన్నును కదలనీయకుండా పట్టేస్తుంది.

1. ఉబ్బిన రబ్బరు బూట్లను (పిన్నుకు దుమ్ము, నీరు తగలకుండా కప్పి ఉంచేవి), పిన్ను చివర రబ్బరు తొడుగు ఉంటే దానిని కూడా మార్చండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే: పిన్నును తుడుస్తారు గానీ, అది దూరే రంధ్రాన్ని శుభ్రం చేయరు. అడుగున పాత గ్రీజు మిగిలితే కొత్త రబ్బరు కూడా అలాగే చెడిపోతుంది. కాబట్టి బ్రేక్ క్లీనర్ కొట్టి, సన్నని నైలాన్ బ్రష్షుతో తోమి, లోపలికి పెట్టిన గుడ్డ మరక లేకుండా బయటికి వచ్చేదాకా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలు, డీజిల్, కిరోసిన్ మాత్రం దయచేసి వాడకండి. అవి కూడా రబ్బరును ఉబ్బిస్తాయి.

3. పిన్నుకు బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజును పలుచగా పూయండి. రంధ్రాన్ని నింపేస్తే లోపల గాలి చిక్కుకొని పిన్నును వెనక్కి నెడుతుంది.

4. ప్యాడ్ చెవులు (రెండు చివర్లా పొడుచుకొచ్చిన భాగాలు) ఆనే చోట అధిక వేడిని తట్టుకునే సెరామిక్ బ్రేక్ గ్రీజు రవ్వంత చాలు. డిస్కుకు, ప్యాడ్ రాపిడి తలానికి ఏ గ్రీజూ అంటకూడదు.

5. పిస్టన్ సీలు (ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు వలయం) విప్పి ఉంటే, మీ బండికి నిర్దేశించిన కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే దానిని తడిపి బిగించండి.

బిగించాక కాలిపర్ రెండు పిన్నుల మీదా చేతితోనే సాఫీగా జరగాలి.