స్టైలస్ మంచిదా, కాంతితో కొలవడం మంచిదా? కార్బన్ ఫేస్‌కైతే కాంతే

మెత్తటి పార్టుల గరుకుతనం స్టైలస్ టెస్టర్‌తో (వజ్రపు మొనను పార్టు మీద లాగి కొలిచేది) చూడాలా, వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ లాంటి వాటితో (తాకకుండా తెల్ల కాంతి చారలతో కొలిచేవి) చూడాలా అని అడిగారు. మెత్తటిదైతే కాంతితోనే చూడండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

మాది రాయగడ. పంపుల మెకానికల్ సీళ్లు ల్యాపింగ్ చేసి, అంటే సన్నటి పొడితో రుద్ది చదును చేసి ఇస్తాం, 18 ఏళ్లుగా ఇదే పని. పంపు షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా ఆపే రింగుల జతే ఈ సీలు; ఒకదానికొకటి ఆనే వాటి ముఖాల్నే ఫేసులంటాం. ఒక పార్టీకి ఇచ్చిన సీలు వారానికే కారింది. మళ్లీ ల్యాప్ చేసి పంపాం, మళ్లీ కారింది. మా షాపులో చూస్తే ఏ లోపమూ లేదు. సోడియం దీపం కింద కార్బన్ రింగు మీద ఆప్టికల్ ఫ్లాట్ (పక్కా చదునైన గాజు బిళ్ల) పెడితే పసుపు, నలుపు చారలు పడతాయి. ఆ కాంతి తరంగం 589 నానోమీటర్లు. ఒక చారకీ పక్క చారకీ మధ్య ఎత్తు తేడా అందులో సగం, అంటే 0.3 మైక్రాన్‌కి కాస్త తక్కువ. చార ఎంత వంగితే రింగు అంత వంకర. ఈ రింగు మీద చారలు దారం లాగి కట్టినట్టు తిన్నగా ఉన్నాయి. నాకు పని నేర్పిన మేస్త్రిగారు రింగు చేత్తో పట్టుకున్న వెంటనే చూడనిచ్చేవారు కాదు. "చేతి వేడి దిగనీ బావూ, ఇప్పుడు చూస్తే నీ చెయ్యే కనపడతాది" అనేవారు. చల్లారేదాకా ఆగే చూశాం. స్టైలస్ టెస్టర్ చీటీలో ఆర్‌ఏ (సగటు గరుకుతనం అంకె) కూడా బాగానే వచ్చింది.

ఇక లాభం లేదని రింగును గుడ్డలో చుట్టుకుని, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వెళ్లాను. మా తోడల్లుడు అక్కడో ల్యాబ్‌లో పనిచేస్తాడు. రింగును వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ కింద పెట్టాడు. లెన్సు మెల్లగా కదులుతుంటే తెర మీద చారలు అలల్లా పరుగెత్తాయి. కాసేపటికి ఎత్తుపల్లాల రంగుల పటం వచ్చింది. అందులో మూడు నీలం గాడులు, లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా, స్కేలు పెట్టి గీసినట్టు. ల్యాపింగ్ గీతలు అలా ఉండవు, అన్ని దిక్కులకూ తిరుగుతాయి.

"అన్నయ్యా, దీని మీద స్టైలస్ గానీ నడిపారా?" అన్నాడు.

నడిపాం. మూడుచోట్ల. పార్టీ మూడు రీడింగుల చీటీ అడిగింది కాబట్టి! స్టైలస్ బరువు గ్రాముకన్నా తక్కువే, కానీ వజ్రపు మొన గుండ్రం 2 మైక్రాన్లో 5 మైక్రాన్లో ఉంటుంది. అంత సన్నటి మొన కింద కార్బన్ ఆగుతుందా? నీళ్లు బయటికి రావడానికి మేమే కాలవ తవ్వి పంపాం. ఇదే కారణమని ఈరోజుకీ నా గట్టి నమ్మకం.

ఈ చీటీల పిచ్చి ఎప్పుడు పోతుందో. ఆర్‌ఏ ఒక సగటు అంకె, అంతే. మొనలు లేచిన ఫేసుకీ, గుంటలు పడ్డ ఫేసుకీ ఒకే ఆర్‌ఏ రావచ్చు, పంపులో పెడితే రెండూ ఒకేలా పనిచేయవు. మా షాపుకొచ్చే కుర్రాళ్లు ఇంట్లో తెలుగు, ఐటీఐలో ఒడియా, మాన్యువల్లో ఇంగ్లిష్ చదువుకుని వస్తారు. మూడు భాషల్లోనూ చార చూసి చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు వాళ్లకి.

అలాగని ఇంటర్‌ఫెరోమీటర్ చూపించిందల్లా నమ్మకండి. కాంతి రెండుగా చీలి, ఒకటి పార్టు నుంచీ ఇంకోటి లోపలి అద్దం నుంచీ తిరిగొస్తుంది. తెల్ల కాంతిలో ఆ రెండు దారుల పొడవు ఇంచుమించు సమానమైనప్పుడే చారలు పుడతాయి. లెన్సు కదులుతుండగా ఒక్కో బిందువు దగ్గర చార ఎక్కడ బాగా తేలిందో చూసి ఎత్తు కడుతుంది. నిలువున నానోమీటర్ల తేడా పట్టేస్తుంది. అడ్డంగా మాత్రం అర మైక్రాన్ లోపు వివరం కష్టం. వాలు ఎక్కువైన చోట కాంతి లెన్సులోకి తిరిగి రాదు, ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ నున్నగా పూడ్చేస్తుంది. పూడ్చకముందు పటం చూపించమని అడగండి. పార్టు మీద నూనె పొర ఉంటే కొలత దానిదీ కలుస్తుంది, ముందు శుభ్రంగా తుడవాలి.

ఇప్పుడు మేం స్టైలస్‌ని గట్టిదైన సిలికాన్ కార్బైడ్ ఫేసు మీదే నడుపుతాం. కార్బన్‌కి సోడియం దీపం కింద చారల ఫొటో తీసి ఇస్తాం. ఆ పార్టీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. విశాఖ నుంచి తెచ్చిన ప్రింటు బల్ల మీద పరిచి, ఆ మూడు గాడులూ వేలు పెట్టి చూపించాక, కార్బన్‌కి చీటీ అడగడం మానేశారు.