సముద్రంలో గాలిమరలు పెడితే గోదావరి తీరంలో చేపలు వెళ్లిపోతాయా?

శాశ్వతంగా వెళ్లిపోవు, చేపలకు ఎక్కువ ఇబ్బంది మరలను పాతే నెలల్లోనే. లావుపాటి ఉక్కు స్తంభాలను సముద్రగర్భంలోకి దిగగొడుతుంటే ఆ మోత నీటిలో చాలా దూరం పోతుంది. డెన్మార్క్ తీరంలో ఇలా జరిగినప్పుడు పోర్పస్‌లు (డాల్ఫిన్ల లాంటి చిన్న సముద్ర జంతువులు) సుమారు 20 కిలోమీటర్ల దాకా తప్పుకుని, పని ఆగాక తిరిగొచ్చాయి. జర్మనీలో స్తంభం చుట్టూ గాలిబుడగల తెర వేసి మోత తగ్గిస్తారు.

ఆ తరువాత స్తంభాలకు ఆల్చిప్పలు పట్టేస్తాయి, వాటి వెంట పీతలు, చేపలు చేరతాయి. అయితే మన సముద్రపు అడుగు గోదావరి ఒండ్రుతో మెత్తబడింది, స్తంభాల మీద ఇలా పెరిగేవేమో రాతిని అంటుకుని బతికే రకాలు. బురద రొయ్యల మీద ఆధారపడ్డ వేటగాడికి ఇందులో పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైగా మరల మధ్య వల లాగడం కష్టం.

రెక్కల చప్పుడుకు పులస రాదన్నది అపోహ. తిరిగే మర నుంచి నీటిలోకి దిగే మోత పెద్ద ఓడ మోతకంటే తక్కువ. పులస ఏటికి ఎదురెక్కేది వరద నీటికి. దాని దారికి అడ్డం ధవళేశ్వరం ఆనకట్ట. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఏటా చలికాలం చివర కోరింగ వైపు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల విషయంలో. ఆ నెలల్లో స్తంభాలు దిగగొట్టకూడదు.