గన్నవరంలో నా సీరియల్ నంబరు ఎందుకు పోయింది?

బండి, బాట: పాఠకుల ప్రశ్నలకు ఒక విజయవాడ క్యాబ్ డ్రైవర్ జవాబులు

ప్రశ్న: ఈ మధ్యే అప్పు చేసి కారు కొన్నాను. యాప్‌లో తిప్పుతున్నాను. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర వెయిటింగ్‌లో ఉంటే నా తర్వాత వచ్చినవాళ్ళకి బుకింగ్ పడుతోంది, నాకు పడటం లేదు. టీ తాగడానికి హైవే మీదికి వెళ్ళొచ్చేసరికి నా నంబరు ఎక్కడో వెనక్కి పోయింది. కావాలనే ఇలా చేస్తున్నారా? అసలు అక్కడ కాచుకోవడం మంచిదా, ఊళ్ళో తిరగడం మంచిదా?
ఒక డ్రైవర్, రామవరప్పాడు

జవాబు: తమ్ముడూ, నేను క్యాబ్‌లోకి రాకముందు విజయవాడ రైల్వేస్టేషన్ స్టాండులో ఆటో తోలాను. అక్కడ సీరియల్, అంటే బండ్ల వరుస, కంటికి కనపడేది. ముందు బండి కదిలితే వెనక బండి జరిగేది. ఎవడైనా మధ్యలో దూరితే స్టాండంతా లేచేది. ఫోన్‌లో సీరియల్ అలా కనపడదు కాబట్టే మీకు ఈ అనుమానం వచ్చింది.

పక్కపక్కన ఆగి ఉన్న కార్లన్నీ ఒకే వరుస అనుకుంటాం. కాదు. ఒక్కో కంపెనీకి ఒక్కో వరుస. అందులో మళ్ళీ చిన్న కారు, సెడాన్, ఎర్టిగా లాంటి పెద్ద బండి, దేని వరుస దానిది. మీ వెనక వచ్చిన ఎర్టిగాకి ఆరుగురున్న కుటుంబం బుకింగ్ పడితే మీ వంతు పోయినట్టు కాదు. ముందే టైము చెప్పి బుక్ చేసుకున్న ట్రిప్పులకీ ఈ వరుసతో పని లేదు. ఇంకొకటి, ప్యాసింజర్‌ని అప్పుడే దించిన బండికి అక్కడికక్కడే తిరుగు బేరం ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఖాళీ బండ్ల తిరుగుడు తగ్గుతుందని కంపెనీల లెక్క. ఎండలో గంటల తరబడి కూర్చున్నవాడికి అది చూస్తే కడుపు మండుతుంది. మండటంలో తప్పు లేదు. కానీ అది మోసం కాదు, నియమం. ఆ నియమం డ్రైవర్‌కి తెలుగులో, ముందుగా చెప్పకపోవడమే అన్యాయం. ఎవరిని ముందు పంపుతారో, ఏం చేస్తే నంబరు పోతుందో బండ్లు ఆగే చోట బోర్డు రాసి పెట్టాలి. ఇది మనమందరం గట్టిగా అడగాల్సిన విషయం.

ఇక మీ టీ సంగతి. వరుస పద్ధతి ఉన్న ఎయిర్‌పోర్టుల్లో యాప్ మ్యాపు మీద ఒక హద్దు గీసి ఉంచుతారు. ఊబర్ చాలా దేశాల్లో నడిపేది ఇలాగే. హద్దులోపలికి వచ్చి ఆన్‌లైన్‌లో ఉంటే మీ వంతు మొదలవుతుంది. బయటికి వెళ్తే పోతుంది, ఆఫ్‌లైన్ అయినా పోతుంది. వచ్చిన బుకింగులు వరుసగా వద్దంటున్నా వెనక్కి నెడుతుంది. మీరు హైవే మీదికి వెళ్ళారంటే హద్దు దాటి ఉంటారు. కదలకుండానే నంబరు పోయేవాళ్ళూ ఉన్నారు. హద్దు అంచున బండి పెడితే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించి మిమ్మల్ని బయటికి నెట్టేయవచ్చు. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ చేసి ఉంటే లొకేషన్ ఆగిపోవచ్చు. అందుకని బండి బాగా లోపలికి పెట్టండి, సేవర్ తీసేయండి, ఛార్జర్ పెట్టుకోండి, టీ ఫ్లాస్కులో తెచ్చుకోండి. ఫ్లాస్కు సరే, ఒంటేలుకి వెళ్ళడానికి కూడా హద్దు దాటాల్సి వస్తే ఆ మనిషి ఏం చేయాలి? డ్రైవర్లని వరుసలో కూర్చోబెట్టే చోట నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి హద్దు లోపలే ఉండాలి. షుగర్ ఉన్న డ్రైవర్లు నీళ్ళు తాగడం మానేసి కూర్చోవడం నేను చూస్తున్నాను. అది మంచిది కాదు.

కాచుకోవాలా వద్దా అన్నది నంబరు ఒక్కటే చూసి తేల్చకండి. ఎయిర్‌పోర్టులో బేరాలు ధారగా రావు. విమానం దిగితే ఒక్కసారిగా వస్తాయి, తర్వాత నిల్. దిగాల్సిన విమానాల టైములు ఫోన్‌లో చూడండి, ఆలస్యాలతో సహా. దిగినవాళ్ళలో చాలామందికి సొంత కార్లు వస్తాయి, కొందరు ముందే మాట్లాడుకున్న ట్యాక్సీ ఎక్కుతారు. మీ ముందు బండ్లు ఎక్కువై, రాబోయే రెండు గంటల్లో దిగేది ఒక్క విమానమే అయితే ఆగకండి. ఖాళీగానైనా రామవరప్పాడు రింగ్ దాకా వచ్చేయండి. బెంజ్ సర్కిల్, పటమట వైపు చిన్న బేరాలు దొరుకుతాయి. కాచుకున్న గంటలు కూడా డ్యూటీయేనని గుర్తుపెట్టుకుని, వచ్చిన డబ్బుని ఆ గంటలతో కలిపి లెక్కేయండి. డీజిల్ తీసేశాక గంటకి ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క.

అంతసేపు కూర్చున్నాక కేసరపల్లికో, గన్నవరం ఊళ్ళోకో బుకింగ్ పడితే ప్రాణం ఉసూరుమంటుంది. కొన్ని ఊళ్ళ ఎయిర్‌పోర్టుల్లో దగ్గరి ట్రిప్ వేసి వెంటనే తిరిగొచ్చినవాళ్ళని మళ్ళీ వరుసలో ముందుకి తీసుకుంటారు. మీ యాప్‌లో అది ఉందేమో హెల్ప్‌లో అడిగి చూడండి. లేకపోయినా ఒప్పుకున్న ట్రిప్ మాత్రం క్యాన్సిల్ కొట్టవద్దు. యాప్ క్యాబ్ కంపెనీలకి (వీటినే అగ్రిగేటర్లంటారు) కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సరైన కారణం లేకుండా రద్దు చేస్తే కిరాయిలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా, జరిమానా. అది రద్దు చేసిన ప్యాసింజర్‌కీ వర్తిస్తుంది. వీటిని రాష్ట్రాలు అమల్లో పెట్టుకోవాలి.

ప్రశ్న: గుంటూరు నుంచి రైల్లో విజయవాడ దిగి మా వారిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటాను. ఫోన్‌లో కారు మా పక్కనే ఉన్నట్టు చూపిస్తుంది, కానీ చాలాసేపటికి గానీ రాదు. ఎందుకని?
ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, మామూలు చోట్ల వరుస ఉండదు. త్వరగా రాగలిగే బండికి బుకింగ్ వెళ్తుంది. స్టేషన్‌లో ఇబ్బంది ఏమిటంటే పట్టాలకి రెండు వైపులా దారులున్నాయి. ప్లాట్‌ఫాం రేకుల కింద నిలబడి బుక్ చేస్తే మ్యాపులో మీ పికప్ గుర్తు పట్టాలకి అవతల, తారాపేట వైపు పడొచ్చు. మ్యాపులో కారు పక్కనే ఉంటుంది, రోడ్డు మీద మాత్రం చుట్టూ తిరిగి రావాలి. ముందు బయటికి వచ్చి ఆయన్ని నీడలో కూర్చోబెట్టండి, అప్పుడు బుక్ చేయండి. పికప్ గుర్తుని మీరు నిలబడ్డ గేటు మీదికి వేలితో జరపండి. డ్రైవర్ ఫోన్ చేస్తే మెయిన్ గేటా, తారాపేట గేటా అన్నది మొదటి మాటగా చెప్పండి. నడవలేని మనిషి ఉన్నారని కూడా అప్పుడే చెబితే కారు మెట్ల దాకా తెచ్చి ఆపుతారు.