ప్రశ్నలు – జవాబులు: జైలు గోడల లోపలికి వెళ్లిన ఎంపీ హెలెన్ సుజ్‌మన్

ప్రశ్న: వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా చట్టసభలో హెలెన్ సుజ్‌మన్ ఒంటరిగా పోరాడారని చదివాను. ఒక్క ఓటుతో ఖైదీలకు ఆమె ఏం చేయగలిగారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఓటుతో ఏమీ చేయలేకపోయారు. 1961 నుంచి 1974 దాకా ప్రోగ్రెసివ్ పార్టీకి సభలో ఉన్నది ఆమె ఒక్కరే. విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే చట్టం 1963లో వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటేసిందీ ఆమె ఒక్కరే. చట్టం ఆగలేదు. ఆమె బలమంతా మంత్రులను అడిగే ప్రశ్నల్లో ఉంది.

అది అర్థం కావాలంటే 1959 నాటి జైళ్ల చట్టం సంగతి తెలియాలి. దాని 44వ సెక్షన్ ప్రకారం జైళ్ల గురించి, ఖైదీల గురించి తప్పుడు సమాచారం ప్రచురించడం నేరం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తగినంత విచారించాకే వేశామని రుజువు చేసుకునే భారం పత్రిక మీదే పెట్టారు. సాక్షులేమో జైలు శాఖ గుప్పిట్లో ఉంటారు. 1965లో 'రాండ్ డైలీ మెయిల్' పత్రిక ఒక మాజీ ఖైదీ చెప్పిన జైలు సంగతులు అచ్చువేసింది. చివరికి 1969లో సంపాదకుడు లారెన్స్ గాండర్‌నూ, విలేకరి బెంజమిన్ పోగ్రండ్‌నూ దోషులుగా తేల్చారు. ఇక జైలు వార్త వేయడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

సభలో అన్న మాటకు మాత్రం రక్షణ ఉంది. ఎంపీ ప్రశ్న వేస్తే మంత్రి జవాబు రికార్డుకెక్కుతుంది, దాన్ని పత్రికలు నిర్భయంగా వేసుకోవచ్చు. అందుకే సుజ్‌మన్ ఉపన్యాసాలతో సరిపెట్టకుండా అంకెలు అడిగేవారు. ఎంతమందిని నిర్బంధించారు? ఎందరు చనిపోయారు, దేనివల్ల? ఎందరికి కొరడా దెబ్బలు వేశారు? విదేశాల్లో దేశం పరువు తీయడానికే ఇవన్నీ అడుగుతున్నారని ఒక మంత్రి మండిపడితే, పరువు తీస్తున్నది నా ప్రశ్నలు కావు, మీ జవాబులని ఆమె బదులిచ్చారు.

ప్రశ్న: రాబెన్ ద్వీపంలో మండేలాను ఆమె ఎలా కలిశారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కేప్‌టౌన్ దగ్గర సముద్రంలో ఉన్న ఈ ద్వీపం అప్పట్లో రాజకీయ ఖైదీల జైలు. ఎంపీ అయినంత మాత్రాన జైల్లో అడుగుపెట్టే హక్కు లేదు, ప్రభుత్వం అనుమతించాలి. 1967లో అది దొరికింది. జైలు అధికారులు పక్కనే నడుస్తుండగా ఆమె రాజకీయ ఖైదీల వరండాలోకి వచ్చారు. మొదటి సెల్‌లో ఉన్న ఎడ్డీ డేనియల్స్, మా దగ్గర సమయం వృథా చేయకండి, చివరికి వెళ్లి మండేలాతో మాట్లాడండి, ఆయనే మా నాయకుడు అన్నారు. సందర్శన కొద్దిసేపే గనక ఇది చాలా తెలివైన పని.

తిండి, బట్టలు, చదువుకునే వీలు, పత్రికలు, వార్డర్ల దౌర్జన్యం... మండేలా అధికారుల ఎదుటే ఒక్కొక్కటీ చెప్పారు. వాన్ రెన్స్‌బర్గ్ అనే వార్డర్ చేతి మీద నాజీల స్వస్తిక పచ్చబొట్టు ఉంది. సుజ్‌మన్ ఆ సంగతి నేరుగా న్యాయశాఖ మంత్రి పెల్సర్ దగ్గరికి తీసుకెళ్లారు. కొద్దికాలానికే అతన్ని ద్వీపం నుంచి పంపేశారు.

ద్వీపంలో వచ్చిన ప్రతి మార్పునూ ఆమె ఖాతాలో వేయడం మాత్రం సరికాదు. సున్నపురాయి క్వారీలో తెల్లటి ఎండ కళ్లు దెబ్బతీస్తుంటే, నల్లకళ్లద్దాలకు అనుమతి రావడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. అదీ ఒక డాక్టరు ఒప్పుకున్నాక, సొంత డబ్బుతో కొనుక్కోమన్నారు. ఖైదీల నిరాహారదీక్షలు, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సందర్శనలు, సుజ్‌మన్ ఒత్తిడి అన్నీ కలిసే పనిచేశాయి. వీటిలో మొదటి పేరు ఖైదీలదే కావాలి.

ప్రశ్న: జైలు తిండిలోనూ జాతి తేడా ఉండేదా? భారతీయులకు ఏం పెట్టేవారు?
– డర్బన్‌లో బంధువులున్న ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉండేది. భారతీయ మూలాలున్నవాళ్లు 'ఏషియాటిక్' లెక్క. మీ బంధువుల్లాంటి డర్బన్ తెలుగువారు అక్కడ ఖైదీలైతే అదే వర్గంలోకి వచ్చేవారు. వాళ్లకూ, 'కలర్డ్' (మిశ్రమ జాతి) ఖైదీలకూ రొట్టె ఇచ్చేవారు. ఆఫ్రికన్లకు రొట్టె లేదు, మొక్కజొన్న జావే. 1964లో ఒకే కేసులో శిక్షపడి ద్వీపానికి వచ్చినవాళ్లలో భారతీయ మూలాలున్న అహ్మద్ కథ్రాడాకు పొడుగు ప్యాంటు ఇచ్చి, మండేలాకు నిక్కరు ఇచ్చారు. ఎదిగిన మనిషిని 'బాయ్'గా చూపించాలన్నదే ఆ నిక్కరు వెనక ఉద్దేశం. అందరికీ ఒకే తిండి అన్న నిర్ణయం 1979లో గానీ రాలేదు.

ప్రశ్న: ములాఖత్‌లు, ఉత్తరాల నియమాలు ఏమిటి?
– ఒక లా విద్యార్థి, కర్నూలు

జవాబు: ఖైదీలను ఏ, బీ, సీ, డీ తరగతులుగా విడదీశారు. రాజకీయ ఖైదీలు రాగానే అట్టడుగు 'డీ'లో పడేవారు. ఆరు నెలలకు ఒక ములాఖత్, అరగంట. ఆరు నెలలకు ఒక ఉత్తరం, 500 మాటలు మించకూడదు, అదీ దగ్గరి కుటుంబానికే. రెండేళ్లు దాటి పదహారు నిండని పిల్లలను చూడనివ్వరు. అంటే తండ్రి లోపలికి వెళ్లేసరికి మూడేళ్లున్న బిడ్డ పదమూడేళ్లు ఆగాలి. సత్ప్రవర్తనతో పై తరగతికి వెళ్లొచ్చు గానీ, ఆ ప్రవర్తనకు మార్కులు వేసేది జైలువాళ్లే. నియమం ఎక్కడ బిగుస్తుందో మీరు ముఖ్యంగా గమనించాల్సింది అక్కడే.

ప్రశ్న: శిక్షపడని నిర్బంధితులనూ ఆమె కలవగలిగారా?
– అదే విద్యార్థి

జవాబు: అసలు చీకటి అక్కడే ఉంది. 90 రోజుల చట్టంలో కనీసం వారానికోసారి మేజిస్ట్రేటు వచ్చి చూడాలని ఉండేది. 1967 నాటి ఉగ్రవాద చట్టం ఆరో సెక్షన్‌లో కాలపరిమితే తీసేశారు. మేజిస్ట్రేటు రాక కూడా రెండు వారాలకోసారి, అదీ 'వీలైతే'. లాయరు లేడు, కుటుంబం లేదు. కోర్టు విడుదల చేయమని ఆదేశించడానికి వీల్లేదు. సుజ్‌మన్ లాంటివారు వెళ్లి చూడగలిగింది ఎక్కువగా శిక్షపడ్డ ఖైదీలనే.

శిక్ష ముగిసినా వదలకుండా ఉంచే నిబంధన కూడా 1963 చట్టంలోనే ఉంది. ఏటేటా పొడిగిస్తూ పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు రాబర్ట్ సొబుక్వేను 1969 దాకా ద్వీపంలోనే ఉంచారు. ఆ తర్వాత కింబర్లీకి పంపి ఆంక్షల కింద పెట్టారు.

ప్రశ్న: ఆమె మీద విమర్శలు లేవా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉన్నాయి, న్యాయమైనవే. తెల్లవాళ్లే ఓటేసే సభలో కూర్చుని దానికి మర్యాద తెచ్చారన్నది ఒకటి. ఆమె పార్టీ 1978 దాకా అందరికీ ఓటు అనలేదు, చదువు, ఆస్తి లాంటి అర్హతలు పెట్టింది. ఆర్థిక ఆంక్షలను ఆమె వ్యతిరేకించారు. ఆంక్షల విషయంలో ఆమె అంచనా తప్పని మా అభిప్రాయం. జైళ్ల విషయంలో మాత్రం ఆ సభలో కూర్చున్నారు కాబట్టే అనుమతి అడగగలిగారు, మంత్రి చేత జవాబు చెప్పించగలిగారు. ఈ రెండింటినీ విడివిడిగా తూచాలి.