వనరులుంటే చాలునా?

ప్రశ్న: విలువైనవీ, ఇతరులు అనుకరించలేనివీ అయిన వనరులున్న సంస్థే పోటీలో పైచేయి సాధిస్తుందని మా ఎం.బి.ఎ. పాఠంలో ఉంది. మార్పుకు తగినట్టు తనను మలచుకునే సామర్థ్యమే అసలు బలమని మరో పాఠం చెబుతోంది. ప్రాజెక్టు నివేదికకు దేనిని ఆధారం చేసుకోవాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ కావాలమ్మా. మొదటి పాఠం చెప్పే బలం ఎంతకాలం నిలుస్తుందో రెండవదాన్ని బట్టి తేలుతుంది. ఒకప్పుడు మన ఫోటో స్టూడియోలకు రీళ్ళు అందించిన కొడాక్, ఫ్యూజీఫిల్మ్ సంస్థల చరిత్ర చూస్తే ఇది స్పష్టమవుతుంది.

రంగుల ఫిల్ము తయారీ అతి కష్టమైన విద్య. ఎన్నో పలుచని పొరలను, వెంట్రుకవాసి తేడా రాకుండా, చీకటిలో పూయాలి. అది కొద్ది సంస్థలకే పట్టుబడినందువల్ల కొత్తవారు ఆ రంగంలో అడుగుపెట్టలేకపోయారు. కానీ డిజిటల్ కెమెరాలు వ్యాపించి, 2000 తర్వాత ఫిల్ముకు గిరాకీ ఏటేటా పడిపోయింది.

ఆ కాలంలో ఫ్యూజీ పగ్గాలు పట్టిన షిగెటాకా కొమోరి, తమ సంస్థకు తెలిసిన విద్యలన్నిటినీ లెక్క తీయించి, అవి ఇంకెక్కడ పనికివస్తాయో వెతికించారు. ఫిల్ములో వాడే జెలటిన్ కొలాజెన్ అనే మాంసకృత్తు నుంచి వస్తుంది, మన చర్మంలో ఉన్నదీ కొలాజెనే. ఫోటో వెలిసిపోకుండా కాపాడే పరిజ్ఞానం చర్మ సంరక్షణకూ అక్కరకు రావడంతో ఆస్టాలిఫ్ట్ సౌందర్య సాధనాలు పుట్టాయి. ఫిల్ముకు ఆధారంగా ఉండే పారదర్శకమైన పొరను తయారుచేసే నైపుణ్యం ఎల్.సి.డి. తెరలకు ఉపయోగపడింది. 2008లో తొయామా కెమికల్‌ను కొని ఔషధాల వైపు విస్తరించారు. ఈ క్రమంలో ఫోటో విభాగంలో వేల ఉద్యోగాలు పోయాయన్నదీ మరువరాదు.

కొడాక్ నిద్రపోయిందని చాలామంది అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 1975లో డిజిటల్ కెమెరా నమూనాను నిర్మించిన స్టీవెన్ సాసన్ ఆ సంస్థ ఇంజనీరే. తరువాత డిజిటల్ కెమెరాలు విరివిగా అమ్మింది కూడా. అయితే ఎలక్ట్రానిక్స్ కంపెనీలన్నీ చేయగల ఆ వస్తువులో ఫిల్ము నాటి లాభం లేదు. ఫ్యూజీకి కొత్త దారి చూపినటువంటి రసాయన విద్యను, మందుల వ్యాపారాన్ని కొడాక్ 1994లోనే వదులుకుంది: ఒకదాన్ని వేరు సంస్థగా విడదీసింది, రెండవదాన్ని అమ్మివేసింది. 2012 జనవరిలో, అప్పులవారి నుంచి కాపాడమంటూ కోర్టులో దివాలా రక్షణ కోరింది.

కనుక మీరు ఏ సంస్థను ఎంచుకున్నా, వనరుల జాబితాతో ఆగకుండా, వాటిలో దేనిని కొత్త పనికి మళ్ళించారో, దేనిని వదులుకున్నారో, ఆ నిర్ణయం లాభాలు తగ్గకముందు జరిగిందో తగ్గాక జరిగిందో కూడా రాయండి.