కాపర్ టీ కోసం ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లడం మంచిదేనా?

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. రెండో కాన్పై ఎనిమిది నెలలైందని, మళ్లీ గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ వేయించుకోవాలని ఉందని రాశారు. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాలా, ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలా తేలడం లేదని, లోపల పరీక్ష చేస్తారంటేనే భయమేస్తోందని అన్నారు. మధ్యమధ్యలో కాస్త రక్తపు మరక కనబడుతోందని, కాన్పు తర్వాత అది మామూలేనేమోనని కూడా ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేనూ సరిగ్గా ఇవే అనుమానాలతో తిరిగినదాన్ని.

ప్రైవేటా, ప్రభుత్వమా అన్నది నాకు పెద్ద విషయంగా అనిపించదు. వేయడం బాగా చేతనైనవాళ్లు ఎక్కడ వేసినా అదే రాగి తీగ, అదే పని. చూసుకోవలసింది వేరే ఉంది. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ గదిలో మీతో పాటు ఇంకెవరు ఉంటారు?

నాకు అప్పుడు 34 ఏళ్లు, చిన్నవాడికి పది నెలలు. అత్తయ్యను తోడు తీసుకుని పేరున్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి అందరికీ వినబడేలా "ప్రాబ్లమ్ ఏంటండీ?" అని అడిగింది. నా వెనక లైన్లో ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. "చెకప్" అని ఊరుకున్నాను. లోపలికి వెళితే డాక్టరు గారి ఎదుట నా కుర్చీ, పక్కనే స్టూలు మీద నా తర్వాతి పేషెంటు. డాక్టరు గారు అడగలేదని అనను, అడిగారు. "బ్లీడింగ్ సమస్యలేమైనా ఉన్నాయా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య "ఏమీ లేవండీ, పీరియడ్స్ టైముకే వస్తాయి" అనేసింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకు తెలిసింది అంతే. అప్పటికి మూడు నెలలుగా, నేనూ మా ఆయనా కలిసిన తర్వాత రక్తం కనబడుతోందన్న సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆ మాట అత్తయ్య ముందు, ముక్కూ మొహం తెలియని ఇంకొకావిడ ముందు ఎలా చెప్పను? తల ఊపాను. మూడు నిమిషాల్లో "ఈసారి పీరియడ్ వచ్చిన మూడో రోజు రండి, వేసేద్దాం" అని చీటీ చేతిలో పెట్టారు.

మూడో రోజు వెళ్తే ఆ డాక్టరు సెలవులో ఉన్నారు. మళ్లీ పని మానుకుని రావడం కష్టమని, దగ్గర్లోనే ఇంకో చిన్న క్లినిక్‌లో అడిగాము. అక్కడ ఉన్నది పెద్ద వయసు డాక్టరమ్మ. మేము కూర్చోగానే అత్తయ్యతో "మీరు ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండమ్మా, నేనే పిలుస్తాను" అన్నారు. తలుపు వేశారు. కుర్చీ నా వైపు జరుపుకుని, "ఇక్కడ చెప్పింది మీ ఆయనక్కూడా చెప్పను. కలిసిన తర్వాత రక్తం గానీ నొప్పి గానీ ఉంటోందా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. మూడు నెలలుగా గొంతులో పెట్టుకున్నదంతా బయటికొచ్చింది.

"ఎందుకొస్తోందో తెలియని రక్తం ఉంటే, అదేమిటో తేలేదాకా కాపర్ టీ వేయకూడదమ్మా. వేశాక మొదట్లో ఎలాగూ మరకలు పడతాయి. ఏ రక్తం దేనివల్లో తెలియకుండా పోతుంది" అన్నారు. పీరియడ్ పూర్తిగా తగ్గాక రమ్మన్నారు, అప్పటిదాకా కండోమ్ వాడమన్నారు.

మీరు భయపడుతున్న లోపలి పరీక్ష ఇదే. ముందు స్పెక్యులం, అంటే లోపల చూడటానికి పెట్టే పరికరం, చేతికిచ్చి చూపించారు. "ఆపమంటే వెంటనే ఆపేస్తాను" అన్నారు. పక్కన ఒక నర్సు తప్ప ఎవరూ లేరు, నడుము కిందికి దుప్పటి కప్పారు. కాస్త బిగుతుగా, ఇబ్బందిగా ఉంటుంది. కణాల్లో తేడా ఉందేమో చూసే పాప్ స్మియర్ పరీక్ష కోసం చిన్న బ్రష్‌తో గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు తీసుకోవడానికి పట్టింది రెండు నిమిషాలు.

రిపోర్టు తేడాగా వచ్చింది. తర్వాత కాల్పోస్కోపీ చేశారు, అంటే ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో పెద్దగా చేసి చూడటం. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా కలిపి పూస్తే మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే సీఐఎన్ 3 అని వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ పట్టించుకోకపోతే కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారగల దశ. తిమ్మిరి సూది ఇచ్చి, కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో ఆ భాగం తీసేశారు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

దీనికి కారణం దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరసే. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం దాని 16, 18 రకాల వల్లే వస్తాయి. అందుకే ఇప్పుడు పిల్లలకు టీకా వేస్తున్నారు. కలయిక వల్ల సోకే ఈ వైరస్ ఉందనగానే మొగుడి మీదో పెళ్లాం మీదో అనుమానపడేవాళ్లను చూశాను. అది ఎప్పుడో వచ్చి ఏళ్ల తరబడి అణిగి ఉండవచ్చు. చాలామందిలో దానంతటదే పోతుంది కూడా.

ఇక్కడొక బాధ చెప్పుకోవాలి. నా రెండు గర్భాలప్పుడు బిడ్డలో లోపాలేమైనా ఉన్నాయేమో చూసే స్కాన్లు, షుగర్ టెస్టు, అన్నీ ప్రైవేటులో టైముకు చేశారు. బిడ్డ కోసం అంత శ్రద్ధ పెట్టినవాళ్లు, 30 దాటిన నన్ను ఈ ముఖద్వారం పరీక్ష ఒక్కటి ఎప్పుడైనా చేయించుకున్నావా అని అడగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి 5-10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించమంటోంది. మన చేతిలో పెట్టే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మాత్రం ఏ లక్షణమూ లేనివాళ్లకు స్క్రీనింగ్‌గా పనికిరాని సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌కు సంబంధించిన) రక్తపరీక్ష ఉంటుంది, పాప్ స్మియర్ ఉండదు. పొట్ట స్కానింగ్ నార్మల్ అంటే నిశ్చింతగా ఇంటికొచ్చేస్తాం. ముఖద్వారంలో కణాల మార్పు అల్ట్రాసౌండ్‌లో కనబడదని ఎవరూ చెప్పరు.

గర్భం రాకుండా వాడే మాత్రలైనా ఇదే సంగతి, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే వీలుండాలి. 35 దాటి సిగరెట్ తాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. సిగరెట్ సంగతి ఇంట్లోవాళ్ల ఎదుట ఏ ఆడపిల్ల ఒప్పుకుంటుంది? పెళ్లి కాని అమ్మాయిని తల్లి పక్కన కూర్చోబెట్టి అడిగితే నిజం ఎలా వస్తుంది? తోడు వచ్చినవాళ్లను కాసేపైనా బయటికి పంపని డాక్టరు ఎంత పెద్ద పేరున్నవారైనా సరే, నేను వెళ్లను, మిమ్మల్నీ వెళ్లవద్దనే అంటాను.

మళ్లీ చేసిన పరీక్ష బాగున్నాక ఆ డాక్టరమ్మ దగ్గరే కాపర్ టీ వేయించుకున్నాను. హార్మోన్లు ఉండవు, రకాన్ని బట్టి 5 లేదా 10 ఏళ్లు పనిచేస్తుంది, తీయించుకుంటే వెంటనే గర్భం రావచ్చు. మొదటి నాలుగు నెలలు పీరియడ్స్ ఎక్కువగా అయ్యాయి, కడుపునొప్పీ ఉండేది, తర్వాత తగ్గింది. సుఖవ్యాధుల నుంచి మాత్రం అది కాపాడదు. ఎప్పుడు తీయించుకోవాలో తేదీ కార్డు మీద రాసివ్వమని అడగండి.

మీరు ఎక్కడికి వెళ్లినా సరే, కూర్చోగానే ఆ మరక సంగతి చెప్పండి. ఎప్పుడెప్పుడు కనబడుతోంది, కలిసిన తర్వాతా, ఊరికేనా, ఎన్ని నెలలుగా అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. వెంట వచ్చినవాళ్లను బయటికి వెళ్లమనడానికి మొహమాటమైతే నర్సు చేతికి ఆ కాగితమే ఇవ్వండి. కాన్పు తర్వాత కొందరికి ఏ సమస్యా లేకుండానే మరకలు పడతాయి, మీదీ అలాంటిదే కావచ్చు. కానీ ఎనిమిదో నెలలో అది మామూలో కాదో చూసి చెప్పాల్సింది డాక్టరు, అదీ కాపర్ టీ వేయకముందే.